సూపర్ కారు అని దేన్ని అనాలి? హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ దగ్గర మొదలైన వాదన

తుంగభద్ర (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన వాదన ఒకటి రాత్రి దాకా తెగలేదు. తెలిసినవాళ్ళ ముందు పెడితే మేలని ఇక్కడికి తెచ్చాను. 1990లో అమ్మకానికి వచ్చిన తొలి తరం హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ సూపర్ కారేనని నేనన్నాను. మా బావమరిది ససేమిరా ఒప్పుకోలేదు. మూడు లీటర్ల వి6 ఇంజిను, 270 చిల్లర హార్స్‌పవర్, గంటకు 270 కిలోమీటర్ల దాకా వేగం ఉన్న బండిని సూపర్ కారు అంటే, మా అపార్ట్‌మెంట్ సెల్లారులో చార్జింగు పెట్టి ఉన్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీని కూడా అలాగే పిలవాల్సి వస్తుందని, శక్తిలో రెండింటికీ పెద్ద తేడా లేదని అతను లెక్క చెప్పాడు. లెక్క తప్పు కాదు కాబట్టి నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఈ మాటకు చట్టంలో ఎక్కడా నిర్వచనం లేదు. రవాణా శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ పత్రంలో ఆల్టో అయినా లంబోర్గినీ అయినా మోటారు కారే. గంటల తరబడి సాగే రేసులు నడిపే ప్రపంచ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్ వారు 2021 నుంచి తమ పై తరగతికి హైపర్ కార్ అని పేరు పెట్టుకున్నారు గానీ, అది రేసు బండ్ల తరగతికి పెట్టిన పేరు, రోడ్డు మీద తిరిగే కారును కొలవడానికి పనికిరాదు. మరి దేన్ని చూసి తేల్చాలి? శక్తినా, వేగాన్నా, ధరనా, ఇంజిన్ ఎక్కడ పెట్టారన్నదాన్నా?

ఏ కారునైనా అది పుట్టిన ఏడాదిలో నిలబెట్టి చూడాలని నా ఉద్దేశం. 1990లో మన రోడ్ల మీద మారుతి 800 నలభై లోపు హార్స్‌పవర్‌తో తిరుగుతోంది. అయితే ఈ ఒక్క కొలత చాలదని నాకే అనిపిస్తోంది, ఎందుకంటే 1988లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 సెడానుకే 315 హార్స్‌పవర్ ఉంది, దాన్ని ఎవరూ సూపర్ కారు అనలేదు. మీ అభిప్రాయాలు కారణాలతో సహా రాయండి.


పన్నెండు_సిలిండర్లు (చెన్నై)

తుంగభద్ర గారు, ముందు ఈ మాట ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో చూస్తే సగం చిక్కు విడిపోతుంది. 1920లోనే లండన్ టైమ్స్ పత్రికలో ఎన్‌సైన్ సిక్స్ అనే కారు ప్రకటనలో సూపర్ కార్ అన్న మాట వాడారు. 1960లలో అమెరికా పత్రికలు పాంటియాక్ జీటీఓ లాంటి బండ్లను, అంటే మధ్యరకం కారులో పెద్ద వి8 ఇంజిను బిగించి అమ్మినవాటిని, అదే పేరుతో పిలిచాయి. 1972లో ఆస్ట్రేలియాలో గంటకు 160 మైళ్ళు వెళ్ళే సూపర్ కార్లు రాబోతున్నాయని పత్రికలు గగ్గోలు పెట్టడంతో ఫోర్డ్ తన ఫాల్కన్ జీటీ-హెచ్‌ఓ నాలుగో రూపాన్ని ఆపేసుకుంది. ఆ ఫాల్కన్ నాలుగు తలుపుల కుటుంబ కారే. అందుచేత ఈ మాట మొదట్లో కేవలం వేగాన్ని సూచించిందనీ, కారు రూపంతో దానికి సంబంధం లేదనీ అనుకోవాలి.

ఇవాళ మనం వాడే అర్థం స్థిరపడింది మాత్రం లంబోర్గినీ మియూరాతోనే. 1965లో టురిన్ ప్రదర్శనలో పైన బాడీ లేకుండా, తూట్లు తూట్లుగా కోసిన ఉక్కు చాసిస్ మీద ఇంజినును మాత్రం కూర్చోబెట్టి చూపించారు. మరుసటి సంవత్సరం మార్చిలో జెనీవాకు పూర్తి కారు వచ్చింది. చాసిస్ చేసిన జాన్‌పాలో దలారా గానీ, బెర్టోనే డిజైన్ సంస్థలో బాడీ గీసిన మార్చెల్లో గాందీనీ గానీ అప్పటికి ముప్పై ఏళ్ళు నిండనివాళ్ళు. 3,929 సీసీ వి12 ఇంజినును సీట్ల వెనక అడ్డంగా పెట్టారు. అంత పెద్ద ఇంజిను అడ్డంగా ఇమడడానికి గేర్‌బాక్సును కూడా అదే పోతలో కలిపేశారు, రెండింటికీ ఒకే ఆయిలు. గేర్లు అరిగి రాలిన ఇనుప పొడి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుందని తెలిసీ చేశారు, చివరి రూపంలో గాని దాన్ని సరిచేయలేదు. పెట్రోలు ట్యాంకు ముందు వైపు ఉండడం వల్ల, పెట్రోలు తగ్గేకొద్దీ పెద్ద వేగంలో ముక్కు తేలిపోయేది. ఇన్ని లోపాలున్నా 1966లో ఆ కారు పక్కన నిలబెట్టడానికి ఇంకో రోడ్డు కారు లేదు. మొత్తం మీద 760 పైచిలుకు మాత్రమే తయారయ్యాయి.

అందుకే నా నియమం సూటిగా చెబుతున్నాను. ఇంజిను సీట్ల వెనక ఉండాలి, పన్నెండు సిలిండర్లు ఉండాలి, కారు అరుదుగా ఉండాలి. ఎన్‌ఎస్‌ఎక్స్ చాలా మంచి స్పోర్ట్స్ కారు. అంతకంటే పెద్ద పేరు దానికి అక్కర్లేదు.


రాయలసీమ_రోడ్లు (అనంతపురం)

ఒక్క ధర విషయం మాత్రం నేను చెబుతాను. ధరను కొలతగా పెట్టుకుంటే మన దేశంలో అది అసలు నిలవదు. నలభై వేల డాలర్లు దాటిన కారును పూర్తిగా తయారైన స్థితిలో దిగుమతి చేసుకుంటే ఏళ్ళ తరబడి నూటికి నూరు శాతం సుంకం ఉండేది. నిసాన్ జీటీ-ఆర్ 2016లో మన దేశానికి వచ్చినప్పుడు షోరూమ్ ధరే 1.99 కోట్లు. అదే కారును 2007లో జపాన్‌లో 77 లక్షల 70 వేల యెన్‌లకు అమ్మడం మొదలుపెట్టారు, అప్పటి పోర్షే 911 టర్బోతో పోలిస్తే అది ఎంతో తక్కువ. ఓడ దిగగానే ఒక కారు సూపర్ కారుగా మారిపోయి, తిరిగి ఓడ ఎక్కగానే మామూలు కారు అయిపోదు కదా! ధరను పక్కన పెట్టి మాట్లాడుకుందాం.


ఎడారి_పానా (దుబాయ్)

నమస్కారం. మాది జగిత్యాల దగ్గర పల్లె. పద్నాలుగేళ్ళుగా ఇక్కడ ఒక వర్క్‌షాపులో పాత స్పోర్ట్స్ కార్ల మీద పని చేస్తున్నాను. నేను పుస్తకాలు చదివి చెప్పేవాణ్ణి కాదు, విప్పి చూసినదాన్ని బట్టి నాకు తోచింది రాస్తాను.

మామూలు కారును గీసేటప్పుడు మెకానిక్కును కూడా ఒకింత మనసులో పెట్టుకుంటారు. బానెట్ ఎత్తగానే డిప్‌స్టిక్కు, బ్యాటరీ, ఫిల్టరు కనిపించేలా అమరుస్తారు. ఫెరారీ ఎఫ్355 మొదటిసారి మా లిఫ్టు మీదికి వచ్చినప్పుడు టైమింగ్ బెల్టు మార్చాలన్నారు. ఏ హోండా సిటీకో అయితే ఒక పూటలో అయ్యే పని. ఎఫ్355లో ఇంజిను సీట్ల వెనక గోడకు అంత దగ్గరగా ఉంటుంది, ఆ సందులో చెయ్యి పట్టదు. అందుకని వెనక బంపరు విప్పి, సైలెన్సరు తీసి, వైరింగు, కూలెంటు పైపులు, బ్రేకు కేబుళ్ళు ఒక్కొక్కటి విడదీసి, ఇంజిను, గేర్‌బాక్సు, వెనక సస్పెన్షన్ మోసే ఫ్రేము మొత్తాన్ని కింద బల్ల మీదికి వదిలి, కారును లిఫ్టుతో పైకి లేపేస్తాం. కారు పైకి పోతుంది, ఇంజిను నేల దగ్గర ఉండిపోతుంది. ఆ రోజు వెనక చక్రాలు లేని ఆ కారు నా తల మీద వేలాడుతుంటే, ఇంజిను నా మోకాళ్ళ ఎత్తున బల్ల మీద ఉంటే, దీన్ని గీసినవాళ్ళు బరువు ఎక్కడ ఉండాలన్న ఒక్క సంగతే పట్టించుకున్నారని అర్థమైంది. బెల్టు మార్చేవాడి చెయ్యి వాళ్ళకు పట్టలేదు, ఆ ఖర్చు కట్టే యజమాని కూడా పట్టలేదు.

ఫెరారీ ఎఫ్40లో ఇది ఇంకా బాహాటంగా కనిపిస్తుంది. 1987లో వచ్చిన ఆ కారులో కార్పెట్ లేదు. లోపల తలుపు తెరవడానికి పిడి ఉండదు, ఒక తీగ ఉంటుంది, లాగాలి. బరువు తగ్గడానికి రంగును ఎంత పలుచగా కొట్టారంటే, దాని కింద కార్బన్ గుడ్డ నేత కనిపిస్తుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. 478 హార్స్‌పవర్, గంటకు 324 కిలోమీటర్ల వేగం అని కాగితం మీద చదివినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు గానీ, ఆ తీగ పట్టుకుని లాగినప్పుడు ఇది వేరే జాతి బండి అనిపించింది. నడపడానికీ, నడపడానికి అడ్డొచ్చే సౌకర్యానికీ పోటీ వచ్చిన ప్రతిచోటా నడపడాన్నే ఎంచుకుని కట్టిన కారు సూపర్ కారు అని చాలా రోజులు అనుకున్నాను.

ఈ నియమాన్ని చెడగొట్టింది ఎన్‌ఎస్‌ఎక్సే. అది మా షాపుకు వచ్చినప్పుడు బయట నుంచి లోపలికి తీసుకొచ్చే పని నాకు పడింది. క్లచ్చు మామూలు కారంత తేలిక. సీట్లో కూర్చుంటే డ్యాష్‌బోర్డు తొడల ఎత్తున ఉంటుంది, అద్దం స్తంభాలు సన్నగా ఉంటాయి, ముక్కుకు కాస్త ముందు నేల కూడా కనిపిస్తుంది. యుద్ధ విమానం ఎఫ్-16లో పైలట్ కూర్చునే గదిని చూసి ఆ ఆలోచన తీసుకున్నామని హోండా వాళ్ళే చెప్పారు. ఏసీ చక్కగా పనిచేస్తుంది, ఇంజిను వెనక సామాన్లకు డిక్కీ ఉంది. ఎవరి సౌకర్యాన్నీ పక్కకు నెట్టలేదు. నా నియమం ప్రకారం ఇది సూపర్ కారు కాకూడదు. కానీ లిఫ్టు ఎత్తి కింద నుంచి చూస్తే, ఫ్లోరు నుంచి సస్పెన్షన్ చేతుల దాకా అంతా అల్యూమినియమే. 1990లో ఇంకే కంపెనీ ఈ పని చేయలేదు. దీన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయాను, మీరే చెప్పండి.


ఆటోనగర్_లేత్ (విజయవాడ)

ఎడారి పానా గారు, మీరు ఆగిన చోటు నుంచి నేను అందుకుంటాను, ఎందుకంటే అది నా పని. మాది ఆటోనగర్‌లో లేత్ షాపు, మా నాన్నగారి కాలం నుంచీ ఉంది.

అల్యూమినియం తేలిక అని అందరికీ తెలుసు. దాంతో కారు బాడీ కట్టడం ఎంత కష్టమో షాపులో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఉక్కు రేకులను కలపడానికి స్పాట్ వెల్డింగు పెడితే, రేకు కరెంటుకు అడ్డుపడుతుంది కాబట్టి ఆ చుక్క దగ్గర వేడి పుట్టి అతుక్కుంటుంది. అల్యూమినియంలో కరెంటు సాఫీగా పారిపోతుంది, వేడి కూడా పక్కకు పాకిపోతుంది. అందుకని ఎన్నో రెట్లు కరెంటు పెట్టాలి, రేకు మీద ఏర్పడే ఆక్సైడు పొరను ముందే తీసేయాలి, రవ్వంత ఎక్కువైతే తూటు పడుతుంది. ఉక్కు కోసం తయారైన ప్రెస్సులు, డైలు, వెల్డింగు మిషన్లు ఏవీ పనికిరావు. హోండా ఈ ఒక్క కారు కోసం జపాన్‌లో తోచిగి ప్రాంతంలో వేరే ఫ్యాక్టరీ పెట్టి, చేయి తిరిగిన రెండు వందల మందిని అక్కడ కూర్చోబెట్టింది. అంత చేస్తే ఉక్కుతో పోలిస్తే బాడీలో దాదాపు 140 కిలోలు తగ్గాయి.

ఇంజిన్లో కనెక్టింగ్ రాడ్లు, అంటే పిస్టన్లను క్రాంకు షాఫ్టుతో కలిపే కడ్డీలు, టైటానియంతో చేశారు. రోడ్డు కారులో అదే మొదటిసారి. ఎందుకు కావలసి వచ్చిందో లెక్క వేయండి. ఆ ఇంజిన్లో పిస్టన్ కదిలే దూరం 78 మిల్లీమీటర్లు, ఇంజిను నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో పిస్టను సెకనుకు 266 సార్లు పూర్తిగా ఆగి, వెనక్కి తిరగాలి. ఆపి తిప్పే భారమంతా రాడ్డు మీదే పడుతుంది, చుట్లు పెరిగేకొద్దీ ఆ భారం వాటి వర్గం లెక్కన పెరుగుతుంది. రాడ్డు తేలికైతేనే ఆ చుట్లు సాధ్యం. ఇక టైటానియాన్ని లేత్ మీద పెట్టి చూడండి. అది వేడిని తనలోకి లాక్కోదు, వేడంతా టూలు మొన దగ్గరే నిలిచిపోయి మొన కాలిపోతుంది. నిదానంగా, చల్లటి నూనె ధారగా పోస్తూ కోయాలి. రజను సన్నగా వస్తే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. రెండేళ్ళ కింద ఒక కాలేజీ పిల్లల రేసు బండి కోసం చిన్న టైటానియం బుష్షు చేసిపెట్టాను. ఒక్క బుష్షుకు మూడు టూల్ బిట్లు పోయాయి.

కాబట్టి ఎడారి పానా గారూ, ఎన్‌ఎస్‌ఎక్స్ నడిపేవాణ్ణి కష్టపెట్టలేదన్నది నిజం. ఆ కష్టాన్ని కట్టేవాళ్ళు మోశారు. ఏ రోడ్డు కారుకూ అప్పటిదాకా పెట్టని శ్రమను, నడిపేటప్పుడు తెలిసే ప్రయోజనం కోసం పెట్టారా లేదా అన్నది చూస్తే, మియూరా, ఎఫ్40, ఎన్‌ఎస్‌ఎక్స్ మూడూ ఒకే పందిరి కిందికి వస్తాయి. 270 హార్స్‌పవర్ అన్న అంకె ఆ రాడ్డు గురించి ఏమీ చెప్పదు.


చార్జింగ్_పాయింట్ (బెంగళూరు)

లేత్ గారి మాట నాకు నచ్చింది, అయితే దాన్ని ఎలక్ట్రిక్ కార్లకు కూడా పెట్టి చూడాలని అడుగుతున్నాను. ఇక్కడ చాలామంది ఎలక్ట్రిక్ బండి అనగానే పికప్ తప్ప ఏమీ లేదని కొట్టిపారేస్తారు. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌కు మూడు మోటార్లు, 1,020 హార్స్‌పవర్ ఉన్నాయి. అది సూపర్ కారు కాదని నేనూ ఒప్పుకుంటాను. అయిదుగురు కూర్చుని ఊరికి పోయే సెడాన్‌కు బలమైన మోటార్లు బిగించారు, అంతే. 1960లలో అమెరికా వాళ్ళు పెద్ద వి8తో చేసిన పని ఇదే.

క్రొయేషియాలో తయారయ్యే రిమాక్ నెవేరా సంగతి వేరు. దాదాపు 1,900 హార్స్‌పవర్ అన్న అంకెను అవతల పెట్టండి. అందులో చక్రానికొక మోటారు ఉంది, ఏ చక్రానికి ఎంత బలం పోవాలో సెకనుకు వంద సార్లు లెక్కవేసి మారుస్తూ ఉంటుంది. బ్యాటరీని సెడాన్లలో లాగా నేల మొత్తం పలకలా పరచకుండా, డ్రైవరు కిందికి కూర్చోవడానికి వీలుగా హెచ్ అక్షరం ఆకారంలో పేర్చి, కార్బన్ ఫైబర్ చట్రంలో భాగంగా బిగించారు. ఇదే సాంకేతికత మీద ఇటలీలో తయారయ్యే పినిన్‌ఫరీనా బాటిస్టా మన మహీంద్రా వారి సంస్థది. పాత పినిన్‌ఫరీనా డిజైన్ సంస్థను 2015లో మహీంద్రాతో కలిసి కొన్నది హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయమున్న టెక్ మహీంద్రా. ఎన్నో ఫెరారీలను గీసిన ఆ సంస్థ ఇప్పుడు మనవాళ్ళ చేతిలో ఉందని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

వేగమే కొలత అయితే 2025 సెప్టెంబరులో చైనా బీవైడీ వారి యాంగ్‌వాంగ్ యు9 ఎక్స్‌ట్రీమ్ జర్మనీలో గంటకు 496 కిలోమీటర్లు దాటింది. బుగాటీ షిరాన్ 2019లో చేరిన 490 కంటే అది ఎక్కువ.


కృష్ణాతీరం (మిషిగన్)

నేను ఇక్కడ డెట్రాయిట్ దగ్గర బ్రేకు విడిభాగాల సంస్థలో పని చేస్తున్నాను. వేగం లెక్క మీద కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఆ అంకె వెనక ఏముందో తెలియకపోతే దాన్ని ఎక్కువగానైనా చూస్తాం, తక్కువగానైనా చూస్తాం.

గాలి అడ్డును తోసుకుని పోవడానికి కావలసిన శక్తి వేగం ఘనం లెక్కన పెరుగుతుంది. వేగం రెండింతలు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. 2005లో వచ్చిన బుగాటీ వేరాన్ 1,001 హార్స్‌పవర్‌తో 407 కిలోమీటర్ల వేగం అందుకుంది. దాని సగం వేగానికి, అంటే 200 కిలోమీటర్ల చిల్లరకు, ఆ లెక్కన నూరూ నూట పాతిక హార్స్‌పవర్ చాలు. మిగిలినదంతా చివరి సగం కోసమే. అంత ఇంధనం మండితే పుట్టే వేడిని బయటికి పంపడానికి పది రేడియేటర్లు పెట్టారు. అందుకే వేరాన్ అంటే నాకు గౌరవం. ఆ వేగం వద్ద నిండు ట్యాంకు పన్నెండు నిమిషాల్లో ఖాళీ అవుతుందని తెలిసి కూడా, ఏసీతో, తోలు సీట్లతో రిజిస్ట్రేషన్ అయ్యే కారుగా దాన్ని నిలబెట్టారు.

ఇక ఆపడం. వేగం రెండింతలైతే బ్రేకులు మింగాల్సిన గతిశక్తి నాలుగింతలు. బరువు పెరిగితే దానికి తగ్గట్టు ఇంకా పెరుగుతుంది. రెండు టన్నుల కుటుంబ కారు ఒకసారి రెండు సెకన్ల చిల్లరలో వంద అందుకోవచ్చు. ట్రాకు మీద నాలుగో చుట్టుకు డిస్కులు ఎర్రబడి, పెడలు మెత్తబడి, కాలు నేల దాకా పోతే ఆ పికప్ ఎవరికి కావాలి? మా ల్యాబులో డిస్కును తిప్పి, వరసగా ఇరవై సార్లు ఆపి, చీకటి చేసి చూస్తాం. మామూలు ఇనుప డిస్కు అంచు నుంచి లోపలికి నారింజ రంగు పాకుతుంది, తరువాత వెంట్రుక మందాన బీటలు పడతాయి. నా కొలత ఇదే. కంపెనీ చెప్పుకున్న పనిని ఆ కారు ఒకసారి కాకుండా మళ్ళీ మళ్ళీ, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితిలోనే చేయగలగాలి.

ఈ కొలత పెడితే మా ఊరి షెవ్రొలె కార్వెట్ సి8ను లోపలికి రానివ్వాలి. ఆ కంపెనీ ఇంజినీరు జోరా ఆర్కస్-డంటోవ్ కార్వెట్‌లో ఇంజినును సీట్ల వెనకకు తేవాలని దశాబ్దాల పాటు పోరాడారు, ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు, 2019లో గాని అది జరగలేదు. మొదటి ధర అరవై వేల డాలర్లకు అయిదు డాలర్లు తక్కువ. దాని జెడ్‌ఆర్1 రూపం 1,064 హార్స్‌పవర్‌తో గంటకు 375 కిలోమీటర్లు అందుకుంది. చవక అన్న కారణంతో దాన్ని బయట నిలబెట్టడం అన్యాయం.


పన్నెండు_సిలిండర్లు (చెన్నై)

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. నేను మొదట పెట్టిన మూడు నియమాల్లో రెండు నిలవవని ఒప్పుకుంటున్నాను.

సిలిండర్ల నియమం పెడితే వి8 ఉన్న ఎఫ్40ని, ఆరు సిలిండర్లున్న పోర్షే 959ని నేనే బయటికి నెట్టాలి. ఆ పనికి నాకు చేతులు రావు. అరుదు అన్న నియమం కూడా అంతే. ఎన్‌ఎస్‌ఎక్స్ పదిహేనేళ్ళలో 18,000 పైగా తయారైందని నేను అభ్యంతరం చెప్పబోయాను, కానీ లంబోర్గినీ గాయార్డో ఒక్కటే 14,022 తయారైంది. దాన్ని సూపర్ కారు కాదని ఇంతవరకు నేను అనలేదు.

నా వాదనకు ఎదురు తిరిగే సంగతి ఒకటి నాకు ముందే తెలుసు. దాన్ని దాచడం సరికాదు. పన్నెండు సిలిండర్ల కార్లలో నేను అన్నిటికంటే ఎత్తున పెట్టేది 1992 నాటి మెక్‌లారెన్ ఎఫ్1. రోడ్డు కోసం కట్టినవి 64 మాత్రమే. నడిపేవాడు మధ్యలో కూర్చుంటాడు. ఇంజిను వేడి తగలకుండా లోపల బంగారు రేకు పరిచారు. 1998లో ఆండీ వాలెస్ దాన్ని గంటకు 386 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. ఆ కారును గీసిన గోర్డన్ మర్రే తనకు కొలమానంగా పెట్టుకున్నది ఫెరారీనో లంబోర్గినీనో కాదు, ఎన్‌ఎస్‌ఎక్స్‌నే. నడిపేవాడికి రోడ్డు కనిపించాలి, ఏసీ పనిచేయాలి, రోజూ వాడుకోవడానికి వీలుండాలి అన్న పట్టుదల ఆయనకు ఆ కారు నుంచి బలపడింది. ఇంజిను కూడా ముందు హోండానే అడిగారు, వాళ్ళు ఒప్పుకోకపోతే బీఎండబ్ల్యూ దగ్గరికి వెళ్ళారు. సూపర్ కారులన్నిటికీ శిఖరమని నేను నమ్మే కారుకు కొలమానమైనదాన్ని ఆ వరసలో లేదనడం ఇక నావల్ల కాదు.

ఇంజిను సీట్ల వెనక ఉండాలన్న నియమాన్ని మాత్రం వదలను. గుంటూరు బస్టాండు పక్క పుస్తకాల షాపులో ఎనిమిదో తరగతిలో కొనుక్కున్న లంబోర్గినీ కౌంటాష్ పోస్టరు ఇప్పటికీ నా దగ్గర ఉంది, మడతల దగ్గర తెల్లబడింది. తలుపులు పైకి లేచి ఉన్న బొమ్మ అది. అవి అందం కోసమని చాలా ఏళ్ళు అనుకున్నాను. కారు మరీ వెడల్పు, పక్క గట్లు మరీ మందం, వెనక అద్దంలో ఏమీ కనిపించదు కాబట్టి, తలుపు పైకెత్తి, గట్టు మీద కూర్చుని, తల బయట పెట్టి వెనక్కి నడపాలని తరువాత తెలిసింది. అంత పెద్ద ఇంజినును నిలువుగా పెట్టి, గేర్‌బాక్సును దాని ముందుకు, రెండు సీట్ల మధ్యకు తెచ్చినందువల్ల కారు ఆ ఆకారం దాల్చింది. ఇంజినును ఎక్కడ పెట్టాలన్న నిర్ణయమే కారు రూపాన్ని నిర్ణయించాలి. ముందు ఇంజిను, నాలుగు సీట్లు ఉన్న నిసాన్ జీటీ-ఆర్ ఎంత వేగంగా పోయినా నేను ఒప్పుకోను.


రాయలసీమ_రోడ్లు (అనంతపురం)

అక్కడ మీతో విభేదిస్తున్నాను. జీటీ-ఆర్ గేర్‌బాక్సును ఇంజిను నుంచి విడదీసి వెనక చక్రాల దగ్గర పెట్టారు, అక్కడి నుంచి మళ్ళీ ముందు చక్రాలకు ఇంకో షాఫ్టు వెళుతుంది. అదీ రూపాన్ని నిర్ణయించిన ఇంజిన్ నిర్ణయమే. ఒక్కో ఇంజినును ఒక్కరే నిపుణుడు మొదటి నుంచి చివరి దాకా చేత్తో కూర్చి తన పేరున్న రేకు బిగించేవాడు. 480 హార్స్‌పవర్‌తో మొదలై క్రమంగా పెరిగింది. సీట్ల సంఖ్యను బట్టి దాన్ని తీసేయడం నాకు సమ్మతం కాదు.


తుంగభద్ర (హైదరాబాద్)

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ మొత్తం మా బావమరిది చేత చదివించాను. లేత్ గారు రాసిన పిస్టను లెక్క దగ్గర ఆగి, కాగితం మీద తనే వేసి చూసుకున్నాడు. ఎన్‌ఎస్‌ఎక్స్ విషయంలో ఒప్పుకున్నాడు. సెల్లారులో ఉన్న ఎస్‌యూవీకి, ఆ కారుకు అంకె ఒకటే అయినా, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నది తను చూడలేదని అన్నాడు. జీటీ-ఆర్ విషయంలో మాత్రం చెన్నై వారి పక్షమే. నేను అనంతపురం వారి పక్షం.

కృష్ణాతీరం గారు చెప్పిన మళ్ళీ మళ్ళీ అన్న మాటకు నేను ఒకటి చేరుస్తాను. ఫార్ములా వన్ రేసరు అయిర్టన్ సెన్నా 1989లో సుజుకా ట్రాకు మీద ఎన్‌ఎస్‌ఎక్స్ నమూనాను నడిపి, చట్రం కాస్త పెళుసుగా ఉన్నట్టు అనిపిస్తోందని చెప్పాడు. ఇంజినీర్లు దాన్ని జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌కు తీసుకెళ్ళి, నెలల తరబడి నడిపి, చట్రం గట్టితనాన్ని దాదాపు సగం మేర పెంచుకుని వచ్చారు. అప్పటికే చికాగో ప్రదర్శనలో కారును లోకానికి చూపించేశారు. అలాగే అమ్మినా ఎవరూ అడిగేవారు కాదు.

ఎడారి పానా గారూ, మీరు ఆగిపోయానన్న చోటు నుంచి కదిలారా? ఆ కారు మళ్ళీ మీ దగ్గరికి వస్తుందా?


ఎడారి_పానా (దుబాయ్)

కదిలాను తుంగభద్ర గారు. నేను ఇన్నాళ్ళూ విప్పేవాడి వైపు నుంచే చూశాను, లేత్ అన్నగారు కట్టేవాళ్ళ వైపు నుంచి చూపించారు.

ఆ ఎన్‌ఎస్‌ఎక్స్ వచ్చే నెల టైమింగ్ బెల్టుకు వస్తోంది. దీనికి ఇంజిను దించనక్కర్లేదు. అడ్డంగా ఉన్న ఇంజిను కాబట్టి బెల్టు ఒక వెనక చక్రం వైపు ఉంటుంది. చక్రం విప్పి, లోపలి తొడుగు తీస్తే చెయ్యి పడుతుంది. ఇరుకే, మణికట్టు గీసుకుంటుంది, అయినా పడుతుంది. మరుసటి వారం ఒక ఎఫ్355 అదే పనికి బుక్ అయ్యి ఉంది. రెండింటినీ విప్పిన స్థితిలో ఫోటోలు తీసి ఇక్కడ పెడతాను. రాడ్డు కనిపించేంత లోపలికి వెళ్ళం గానీ, ఆయిల్ మార్చేటప్పుడు ఫిల్టరును కోసి చూసే అలవాటు నాకుంది. ముప్పై ఏళ్ళు దాటిన ఆ ఇంజిన్ ఫిల్టరు మడతల్లో పోయినసారి ఒక్క లోహపు రవ్వ కూడా కనిపించలేదు. ఈసారి ఏముందో చెబుతాను.